ఎడమచేతి ముడి

"మీ చెల్లెలికి చెప్పండి, ఇవాళ వాన పడేట్టుంది, గొడుగు పట్టుకెళ్ళమని."

చిట్టి అప్పటికే గొడుగు చంకలో పెట్టుకుని ఉంది. వదినకి మూడడుగుల దూరంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటోంది. అన్నయ్య గరిటె చేత్తో పట్టుకుని చెల్లెలి వంక చూశాడు, గొడుగు వంక చూశాడు.

"పట్టుకెళ్తోందట," అన్నాడు.

మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే మధ్యవర్తి ద్వారా చేరుతున్నాయి. ఉన్నవి రెండు గదులు, ఓ వంటిల్లు. అందులో ఇద్దరాడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరగాలంటే ఎంత ఒడుపు కావాలో తిరిగేవాళ్ళకే తెలుస్తుంది. కంటి ఆపరేషన్ తర్వాత బస్సు స్టీరింగ్ వదిలేసి గరిటె పట్టుకున్న అన్నయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. బస్సులో అరవై మందిని మోసినప్పుడు కూడా ఇంత బరువనిపించలేదని వంటగట్టుతో చెప్పుకున్నాడు. వినడానికి అదొక్కటే ఖాళీగా ఉంది మరి.

గొడవ మంగళవారం మొదలైంది. మోటార్ల కంపెనీలో వదిన వైండింగ్ సెక్షన్ సూపర్వైజరు. చిట్టి అదే సెక్షన్లో, వదిన చేతికింద, రాగితీగ చుట్టే మనిషి. కొన్నవాళ్ళ దగ్గర కాలిపోయి తిరిగొచ్చిన పదహారు మోటార్లు ఎవరెవరి చేతిపనో పేర్లు రాసి, శుక్రవారం సాయంత్రంలోగా ఇమ్మని కొత్త మేనేజరు వదినని అడిగాడు. పేరు పడినవాళ్ళకి పని పోతుందని వేరే చెప్పక్కర్లేదు. ఆ కబురు వదిన కన్నా ముందే ఇల్లు చేరింది. చిట్టి ఒకే ఒక్క ప్రశ్న వేసింది, రాస్తావా అని. వదిన జవాబు చెప్పకుండా స్నానానికి వెళ్ళిపోయింది. అంతే. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఇవాళ శుక్రవారం.

ఆ ఫ్యాక్టరీ గొడవ ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రాలేరా అని అన్నయ్య అడిగాడు.

"రాలేం," అన్నారిద్దరూ ఒక్కసారే. మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అది. అన్నయ్యకి నవ్వొచ్చింది కానీ, నవ్వితే ఇద్దరూ తన మీద పడతారని ఊరుకున్నాడు.

చిట్టి చెప్పులు తొడుక్కోవడం అయిపోయింది. గుమ్మం దాటలేదు. వెనక్కి తిరిగి, మధ్యలో ఉన్న అన్నయ్యని పక్కకి జరిపి, నేరుగా వదిన ఎదురుగా వచ్చి నిలబడింది.

"వదినా, ఇవాళ నా పేరు రాస్తావా?"

"ముందు మోటార్లు విప్పి చూడనీ."

"విప్పక్కర్లేదు. పైనుంచి చూస్తేనే నీకు తెలుస్తుంది. నీకు తెలుసని సెక్షన్లో అందరికీ తెలుసు."

"తెలిస్తే?"

"నా పేరు రాస్తే ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని తినాలి నువ్వు. రాయకపోతే రేపు అక్కడ నేను తలెత్తుకోలేను. ఇంటిమనిషిని వదిలేసి మిగతావాళ్ళ నోట్లో మట్టి కొట్టిందంటారు. ఇప్పటికే అంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఎవరో చెప్తే ఆ పేరు కూడా రాస్తావా?"

అన్నయ్య స్టవ్ ఆర్పేశాడు. చిట్టికి తన నోట్లోంచి వచ్చిన మాట తనకే నచ్చలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

వదినకి కోపం రాలేదు. కోపం రావలసిన చోట అలసట వచ్చింది. ఈమధ్య అన్నిటికీ అదే వస్తోంది. బీరువా తలుపు ఊడితే అలసట, బస్సు ఆలస్యమైతే అలసట. డబ్బా సంచిలో పెట్టుకుని, వెళ్ళొస్తానని భర్తతో చెప్పి బయల్దేరింది.

వెనకాలే గుమ్మందాకా వచ్చి ఆయన ఒక్క మాటే అన్నాడు. "దాని నోరు అంతే. మనసులో ఏం పెట్టుకోకు."

"నా మనసులో ఇప్పుడు చోటెక్కడుందండీ," అంది వదిన.

బస్సు ఒకటే. చిట్టి ముందు సీట్లో కూర్చుంది, వదిన చివర్లో నిలబడింది.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. రాగితీగ చుట్టల్ని మోటారు గాడిలో కూర్చాక అవి కదలకుండా నూలుదారంతో ముడివేసి కడతారు. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు దారం. చిట్టిది పచ్చ. మోటారు కాలి తిరిగొస్తే, దారం రంగు చూసి ఎవరు చుట్టారో వాళ్ళని పిలిచేవారు. తిట్టడానికి కాదు. కంపెనీ పెట్టిన పెద్దాయన ఓ స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, విప్పు చూద్దాం అనేవాడు. చుట్టినవాళ్ళే విప్పాలి, తప్పెక్కడుందో వాళ్ళే కనుక్కోవాలి, వాళ్ళే మళ్ళీ చుట్టాలి. ఆ పూట కాస్త సిగ్గుపడేవాళ్ళు. అదే తప్పు మళ్ళీ చేసినవాళ్ళు మాత్రం తక్కువ.

పెద్దాయన ఒంట్లో ఓపిక తగ్గి కంపెనీ అమ్మేసి ఎనిమిది నెలలైంది. కొన్నవాళ్ళు పంపిన మేనేజర్ని అందరూ కొత్తాయన అంటారు. ఎనిమిది నెలలైనా ఆయన ఇంకా కొత్తాయనే. చెడ్డవాడా అంటే అదీ కాదు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని సరిపెట్టుకుందురు. ఎవరినీ గట్టిగా ఒక మాటనడు, అందరినీ మీరంటాడు, ప్రతి మాటకీ ముందు దయచేసి అంటాడు. అలా దయచేసి, దయచేసి అంటూనే స్టూళ్ళు తీయించేశాడు. కూర్చుంటే చెయ్యి నెమ్మదిస్తుందట. టీ వేళని సగానికి కుదించాడు. గోడకి ఓ పెద్ద బోర్డు పెట్టించి దారాల రంగులు వరసగా రాయించి, ఏ రంగు మోటార్లు ఎన్ని తిరిగొచ్చాయో ఎదురుగా వేయించాడు. మూడోనెలలో ఆ బోర్డు చూసే అయిదుగుర్ని ఇంటికి పంపాడు.

మర్నాడు పొద్దున సెక్షన్లో అందరూ తెల్లదారంతో ముడులేశారు.

ఎవరు మొదలెట్టారో ఎవరూ చెప్పరు. రంగుదారమే వాడాలని కంపెనీలో రాసిపెట్టిన నియమం ఎక్కడా లేదు, కాబట్టి కొత్తాయన కూడా ఏమీ అనలేకపోయాడు. బోర్డు మీద ఇప్పుడు ఒకే ఒక్క వరస ఉంది. తెలుపు, పదహారు. అటుగా వెళ్ళేటప్పుడల్లా జనం మూతులు బిగబట్టి నవ్వుకునేవారు. ఆ నవ్వు మంగళవారందాకా ఉంది. దారం రంగు మార్చగలరు కానీ ఎవరి చెయ్యి వాళ్ళదే కదా. ఇరవై చేతుల్లో ఏ ముడి ఎవరిదో చూడగానే చెప్పే మనిషి సెక్షన్లో ఒక్కతే ఉందని కొత్తాయనకి ఎవరో చెప్పారు.

వదిన లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. లెక్చరర్ అని అందరూ పిలిచే మనిషి ఒకడున్నాడు. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి సైరన్ దాకా ప్రపంచ రాజకీయాల నుంచి దగ్గుమందు దాకా చెప్పుకుపోతూనే ఉంటాడు, చేతులు మాత్రం ఆగవు. ఆ మనిషి కూడా తలొంచుకుని తీగ చుడుతున్నాడు. వదిన పెద్ద స్పానర్ ఇమ్మంటే తీసిచ్చాడు.

"తీసుకోండి మేడం."

ఎనిమిదేళ్ళుగా అక్కా అని తప్ప పిలిచి ఎరగడు. వదిన స్పానర్ తీసుకుని టెస్టింగ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పదహారు మోటార్లూ నేలమీద రెండు వరసల్లో పేర్చి ఉన్నాయి. గదంతా కాలిన వాసన. మొదటిదాని మూత తీసింది. ముడి బిగించి, దారం కొసలు పొడుగ్గా వదిలేసి ఉన్నాయి. లెక్చరర్. ఎన్నిసార్లు చెప్పినా ఆ కొసలు కత్తిరించడు. రెండోది విప్పింది. ముడి ఎడమవైపు పడి ఉంది.

సెక్షన్లో ఎడమచేతి వాటం చిట్టి ఒక్కదానిదే.

చిట్టి పనిలో చేరినప్పుడు పంతొమ్మిదేళ్ళు. కుడిచేత్తో ఎంత నేర్పినా ముడి జారిపోయేది. ఇది నా వల్ల కాదు వదినా అని ఏడ్చి కూర్చుంది. అప్పుడు వదిన వారం రోజులు ఇంట్లో కుర్చీకాలికి పురికొస కట్టి, తన ఎడమచేత్తో ముడి వెయ్యడం తనే నేర్చుకుంది. వేళ్ళు కొట్టుకుపోయాయి. నేర్చుకున్నాక చిట్టి వెనక నిలబడి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని నేర్పింది. ఇప్పుడా ముడి చూసి ఇది చిట్టిదని ఎవరైనా అంటే, కాదని ఏ నోటితో అంటుంది?

నాలుగోది కూడా ఎడమ. ఏడోది ఎడమ. ఎనిమిదోది ఎడమ. వదిన నేలమీదే చతికిలబడింది. స్టూలు తీయించేసినందుకు మొదటిసారి కొత్తాయన్ని మనసారా తిట్టుకుంది.

ఎనిమిదో మోటారు తీగలు పైకి లాగుతుంటే వేలికి ఏదో అంటుకుంది. చూస్తే జిగురు. కాలిపోయిన వైపు కాదు, బాగున్నవైపే, గాడి అడుగున. పైన అద్దంలా గట్టిగా ఉన్న వార్నిష్ లోపల పచ్చిగా ఉంది. వదిన గబగబా లేచి మొదటి మోటారు దగ్గరికి వెళ్ళింది. కాలని వైపు తీగ పెకలించి గోరు గుచ్చింది. అక్కడా జిగురే. రెండోదాంట్లో జిగురు, మూడోదాంట్లో జిగురు.

టీ వేళకి తలుపు తోసుకుని పొయ్యితాత వచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఓవెన్ చూసుకున్న మనిషి కాబట్టి ఆ పేరు. ఇప్పుడు ప్యాకింగులో అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నాడు, పేరు మాత్రం మారలేదు. రెండు టీలు తెచ్చాడు. ఒకటి ఆమె చేతికిచ్చి, ఒంగుని మోటారు గాడిలో బొటనవేలు పెట్టాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పచ్చి," అన్నాడు.

"ఇప్పటికి తొమ్మిది విప్పాను తాతా. అన్నీ అంతే."

"మిగతావి విప్పక్కర్లేదమ్మా."

చుట్టడం అయ్యాక మోటారుని వార్నిష్‌లో ముంచి ఓవెన్లో పెడతారు. ఆరు గంటలు వేడి తగలాలి. అప్పుడు లోపలి తీగలన్నీ ఒకదానికొకటి అతుక్కుని రాయిలా అవుతాయి. తగలకపోతే లోపల మెత్తగా ఉండిపోతుంది. మోటారు తిరిగేకొద్దీ తీగలు అదిరి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, పైపూత ఊడుతుంది, ఓ రోజు భగ్గుమంటుంది. ఎంత గొప్ప చేత్తో చుట్టినా అంతే. కొత్తాయన వచ్చిన మూడోనెలలో ఆరు గంటల్ని మూడు చేశాడు. రోజుకి ఒకటికి రెండు విడతలు తీయొచ్చని. మార్పు జరిగిందని ఓవెన్ కార్డు మీద సెక్షన్ తరఫున ఒక సంతకం కావాలన్నాడు. తాత తన వల్ల కాదన్నాడు, మర్నాడు ప్యాకింగుకి వెళ్ళాడు.

సంతకం వదిన పెట్టింది.

తాత దాని గురించి ఒక్కనాడూ ఆమెని అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. టీ ఊదుకుంటూ గోడకానుకుని నిలబడ్డాడు. అడిగి ఉంటే వదిన ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. అడగకపోయేసరికి ఆగలేకపోయింది.

"ఆ రోజు ఇంటికి పంపింది అయిదుగుర్ని కదా తాతా. మొదట రాసుకున్నది ఆరుగుర్ని."

తాత గ్లాసు దించాడు.

"ఆరోది చిట్టి. ఎడమచెయ్యి కదా, కొత్తగా వచ్చే యంత్రాలకి పనికిరాదన్నాడు. నేను వెళ్ళి అడిగాను. ఉంచమంటే ఉంచుతాను, మీరు కూడా నాకు కొంచెం సాయపడాలి అని, ఆ కార్డు ఇటు తోశాడు. గట్టిగా కూడా అనలేదు. దయచేసి అన్నాడు."

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు. మా ఆయనకీ తెలీదు."

ఓవెన్ అని చెప్తే నీ పేరే ముందుకొస్తుంది తల్లీ అన్నాడు తాత. నీ ఒక్కదాని జీతం పోతే ఎలాగో సర్దుకుంటారేమో, అసలు ఆ ఇల్లు మీ ఇద్దరి చేతుల మీద కదా నడుస్తోంది అన్నాడు. ఆ మాట ఆమెకి తెలియనిది కాదు. తెలిసిన మాట ఇంకొకరి నోట వింటే ఇంకాస్త బరువుగా ఉంటుంది. తాత రెండు గ్లాసులూ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమెది సగం అలాగే ఉంది.

విప్పక్కర్లేదని తాత అన్నా వదిన మిగతా ఏడూ విప్పింది. ఒక్కటైనా గట్టిగా ఉంటుందేమో, అప్పుడు ఇంకేదైనా దారి దొరుకుతుందేమో అని ఆశ. అన్నీ పచ్చిగానే ఉన్నాయి. ఎడమవైపు ముడులు మొత్తం ఏడు లెక్కకొచ్చాయి. చేతులు కడుక్కుంటే జిగురు ఓ పట్టాన వదల్లేదు. కిటికీ అద్దంలో తన మొహం కనబడింది. ఇదెవరి మొహంరా బాబూ అనుకుంది.

ఒక మోటారులోంచి తీగ చుట్ట ఒకటి కోసి చేత్తో పట్టుకుని కొత్తాయన గది వైపు నడిచింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. తలుపు తీసేసరికి అన్నీ మర్చిపోయింది.

లోపల చిట్టి నిలబడి ఉంది.

కొత్తాయన బల్ల మీద భోజనం డబ్బా మూత తియ్యకుండానే ఉంది. మూడు దాటింది టైము. ఆయన కళ్ళకింద నల్లగా చారలు. బోర్లా పెట్టిన ఫోను బల్ల మీద అదురుతూనే ఉంది, ఆయన తియ్యడం లేదు. ఎత్తితే పైవాళ్ళకి పేర్లు చెప్పాలి.

"రండి మేడం. సగం పని మీ ఆడపడుచుగారే తేల్చేశారు," అని ఓ కాగితం ముందుకి జరిపాడు.

చిట్టి చేతిరాత. ఎడమవైపు ముడి ఉన్న మోటార్లన్నీ నేను చుట్టినవి. ఎన్నున్నా నావే. మా వదినని అడగొద్దు. కింద సంతకం.

వదిన రెండుసార్లు చదివింది. పొద్దున అంత మాటన్న పిల్ల, మధ్యాహ్నం ఈ కాగితం పట్టుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ముందు ఏడవకూడదని గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"నేను చెప్పేశాను కదా వదినా. ఇక నువ్వు నా పేరు రాయక్కర్లేదు," అంది చిట్టి, ఆమె వంక చూడకుండా.

మిగిలినవి కూడా ఎవరివో చెప్పేస్తే ఈ పూటతో అయిపోతుందని కొత్తాయన అన్నాడు. వదిన తీగ చుట్ట ఆయన ముందు పెట్టింది.

"వేలు పెట్టి చూడండి సార్. లోపలివైపు."

ఆయన పెట్టి చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ రాసి చూశాడు. మళ్ళీ పెట్టాడు. చదువుకున్న మనిషి, ఆమె విడమరిచి చెప్పాల్సిన పనే లేకపోయింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"అన్నీ ఇంతేనా?"

"పదహారూ అంతే. ఇందులో ఎవరి చేతి తప్పూ లేదు సార్."

కొత్తాయన కళ్ళు తెరిచి సొరుగు లాగాడు. ఓవెన్ కార్డు తీసి తీగ చుట్ట పక్కన పెట్టాడు.

"దీని మీద సంతకం మీది."

"నాదే."

"గంటలు తగ్గించమన్నది నేనే. అది దాచను. కానీ కుదరదని మీరు ఒక్కమాట అనలేదు. అంటే నేను వినేవాణ్ణో కాదో నాకూ తెలీదు. మీరు మాత్రం అనలేదు."

"అని ఉంటే ఆరో పేరు జాబితాలోనే ఉండిపోయేది కదా సార్."

కొత్తాయన కిటికీ వైపు చూశాడు.

"ఏ ఆరో పేరు?" అంది చిట్టి.

వదిన తీగ చుట్ట వంకే చూసింది.

"వదినా. ఏ ఆరో పేరు?"

"నీదే."

చిట్టి మొహంలో రక్తం లేదు. ఆ అయిదుగుర్ని పంపిన రోజు సాయంత్రం తను ఇంటికొచ్చి, అదృష్టం బావుండి నేను బతికిపోయాను వదినా అని నవ్వడం గుర్తొచ్చినట్టుంది. వదిన ఆ రోజు అవునమ్మా అని ఊరుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మర్నాడు పనిలోకి వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని కాదు."

"అందుకే."

ఫోను మళ్ళీ అదిరి, ఆగింది. కొత్తాయన గొంతు సవరించుకున్నాడు. ఇవాళ తను పైకి ఒక పేరు పంపక తప్పదన్నాడు. తన పేరు పంపుకుంటే రేపు ఈ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, వాడు రెండు గంటలు చాలంటాడు అన్నాడు. అది బెదిరింపులా లేదు. నిజంగా అలాగే జరుగుతుందని నమ్మిన మనిషి అలసిపోయి చెప్పినట్టుంది.

"మీ పేరే రాస్తాను మేడం. కార్డు మీద ఉన్నది అదే కాబట్టి."

వదిన తలూపింది. చిత్రంగా, గుండె కాస్త తేలికపడింది. నలుగురి పేర్లు రాయడం కన్నా ఒక్క పేరు వినడం సులువు.

"మళ్ళీ ఆరు గంటలు పెడతారా సార్?"

"నాలుగు. అంతకన్నా నా వల్ల కాదు."

"నాలుగులో కూడా ఆరదు."

"మూడు కన్నా నయం కదా," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వంక చూడలేదు.

కొత్త కార్డు ఒకటి తీసి, దాని మీద నాలుగు అని అంకె వేశాడు. వేసి, వదిన నిలబడ్డ వైపు కాకుండా పక్కకి తోశాడు. కార్డు చిట్టి ముందు ఆగింది.

"సోమవారం నుంచి సెక్షన్ మీరు చూసుకోండి. పని మీ వదినగారి దగ్గరే నేర్చుకున్నారు, మీకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి పని పోవడం నాకు ఇష్టం లేదు. దయచేసి దీని మీద సంతకం పెట్టండి."

"పెట్టకపోతే?"

"పెట్టేవాళ్ళని చూసుకోవాలి. నాలుగింటికి ఓవెన్లోకి వెళ్ళాల్సిన సరుకు ముంచి పెట్టారు."

వదినకి పెట్టొద్దని అరవాలనిపించింది. పెట్టెయ్యమని చెప్పాలని కూడా అంతే గట్టిగా అనిపించింది. ఇంట్లో ఆయన ఈపాటికి సాయంత్రం వంటకి కూరలు తరుగుతూ ఉంటాడు, ఒక్కకంటితో, మెల్లగా. ఇద్దరూ పనిలేకుండా ఇంటికెళ్తే ఆయన ఏమీ అనడు. ఏమీ అనకుండా బస్సుల డిపోకి వెళ్ళి, కన్ను బాగానే ఉందని అబద్ధమాడి మళ్ళీ స్టీరింగ్ అడుగుతాడు. ఆమెకి ఆ భయం ఒకటి. పచ్చిమోటారు ఎవరింట్లోనో భగ్గుమంటుందన్న భయం ఇంకొకటి. ఏ భయం పెద్దదో తేల్చుకునే ఓపిక ఆమెకి లేదు.

చిట్టి ఇటు తిరిగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె కళ్ళలోకి నేరుగా, కోపం లేకుండా చూసింది.

"ఆ రోజు నువ్వు ఎంతసేపు ఆలోచించావు వదినా?"

అబద్ధం చెప్పొచ్చు. ఓ పూటంతా ఆలోచించానని, వెనకాముందూ చూసుకున్నానని చెప్తే వినడానికి గౌరవంగా ఉండేది.

"ఆలోచించలేదు," అంది వదిన. "నీ పేరు చూశాను. పెట్టేశాను."

చిట్టి అలాగే చూస్తూ నిలబడింది. చెయ్యెత్తి కళ్ళు తుడుచుకుంది. తర్వాత బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది, కార్డు దగ్గరికి జరుపుకుంది. పెన్ను ముట్టుకోలేదు.

"నేను ఆలోచిస్తాను," అంది.

కొత్తాయన గడియారం వంక చూశాడు. నాలుగవడానికి పన్నెండు నిమిషాలుంది. వదినని ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనలేదు. ఆమె నిలబడే ఉంది.